ఓపెన్ సోర్స్ మెయింటెనెన్స్: డబ్బు గురించి, పని పంచుకోవడం గురించి కొన్ని అపోహలు

కోడ్ అందరికీ తెరిచి ఉండే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్‌ను చూసుకునే మెయింటెయినర్ అంటే రోజంతా కోడ్ రాస్తుంటారని చాలామంది అనుకుంటారు. నిజానికి ఎక్కువ సమయం పోయేది వేరే పనులకు. వచ్చిన బగ్ రిపోర్టు నిజమో కాదో చూడాలి, ఎవరో పంపిన పుల్ రిక్వెస్టును (కోడ్‌లో కలపమని అడిగే మార్పును) లైను లైనూ చదవాలి, పాత వెర్షన్ వాడుతున్నవాళ్లకు ఏదీ ఆగిపోకుండా కొత్త రిలీజ్ ఇవ్వాలి, సెక్యూరిటీ సమస్య వస్తే ఉన్నపళంగా అన్నీ పక్కన పెట్టి కూర్చోవాలి. ఈ పనికి డబ్బు ఎవరిస్తారు, దీన్ని ఎవరు పంచుకుంటారు అనే దగ్గరే నాకు అపోహలు ఎక్కువగా కనిపిస్తున్నాయి.

అపోహ: ఇంతమంది వాడుతున్నారంటే వెనకాల పెద్ద టీమే ఉంటుంది.

2014 ఏప్రిల్‌లో హార్ట్‌బ్లీడ్ లోపం బయటపడేనాటికి, సమాచారాన్ని ఎన్‌క్రిప్ట్ చేయడానికి సగం ఇంటర్నెట్ నమ్ముకున్న ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ లైబ్రరీకి విరాళాల రూపంలో ఏడాదికి వస్తున్నది దాదాపు 2,000 డాలర్లు. పూర్తి సమయం దానిమీదే ఉన్న మనిషి ఒక్కరే. ఆ తర్వాతే పెద్ద కంపెనీలు లైనక్స్ ఫౌండేషన్ ద్వారా నిధులు పోగుచేశాయి. అదంతా పాత సంగతి అనుకోకండి. క్యూబర్నెటీస్ (సర్వర్లలో అప్లికేషన్లను నడిపే వ్యవస్థ) వాడేవాళ్లలో ఎంతోమందికి తెలిసిన, బయటి ట్రాఫిక్‌ను లోపలికి పంపే ఇంగ్రెస్ ఎన్‌జింక్స్‌ను ఇక ఆపేస్తున్నామని 2025 నవంబర్‌లో ప్రకటించారు. ఏళ్ల తరబడి ఒకరిద్దరే ఖాళీ సమయంలో దాన్ని మోశారు, సాయం కావాలని అడిగినా చాలినంతమంది రాలేదు.

అపోహ: డొనేట్ బటన్ పెడితే డబ్బు అదే వస్తుంది.

మెయింటెయినర్లకు డబ్బు పంపే గిట్‌హబ్ స్పాన్సర్స్ 2019లో వచ్చింది, మంచిదే, కానీ అలాంటి చోట డబ్బు ఎక్కువగా వెళ్లేది పేరు అందరికీ తెలిసిన ప్రాజెక్టులకు. డిపెండెన్సీకి (ఒక ప్రాజెక్టు ఆధారపడే వేరే కోడ్‌కు) డిపెండెన్సీగా ఎక్కడో అడుగున ఉన్న లైబ్రరీని వాడుతున్నామని కూడా చాలామందికి తెలియదు, ఇక దానికి ఎవరిస్తారు? కంపెనీల విషయంలో ఇంకో చిక్కుంది. విరాళం అనేసరికి అకౌంట్స్ వాళ్లు ఏ పద్దులో రాయాలో తేల్చుకోలేరు, అదే ఏడాది సపోర్ట్ కాంట్రాక్ట్ అని ఇన్వాయిస్ పంపితే పని సులువుగా అవుతుంది. సొంతంగా సంస్థ పెట్టుకోలేని ప్రాజెక్టుల తరఫున డబ్బు తీసుకుని లెక్కలు చూసే ఓపెన్ సోర్స్ కలెక్టివ్, నమ్‌ఫోకస్ లాంటివి ఉన్నాయి, ముందు అక్కడ అడగండి. ఓపెన్ సోర్స్ ప్లెడ్జ్‌లో చేరే కంపెనీలు తమ దగ్గరున్న ఒక్కో డెవలపర్‌కు ఏడాదికి కనీసం 2,000 డాలర్ల లెక్కన మెయింటెయినర్లకు ఇవ్వాలి. ఈ లెక్క నాకు నచ్చింది, ఎందుకంటే దయ తలచి ఇచ్చేదిగా కాకుండా ఖర్చులో భాగంగా చూస్తుంది.

అపోహ: ఒకరికి జీతమిస్తే వాలంటీర్లు వెళ్లిపోతారు.

దేనికి ఇస్తున్నారో చెప్పకపోతే వెళ్లిపోవచ్చు, నిజమే. పైథాన్ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్ 2021లో ఒక డెవలపర్‌ను పూర్తి సమయానికి పెట్టుకుంది, ఆ ఉద్యోగంలో ముఖ్యమైన భాగం పేరుకుపోయిన పుల్ రిక్వెస్టులను, ఇష్యూలను చూడటం. నెలల తరబడి జవాబు లేక విసిగిపోయేవాళ్లకు జవాబు దొరికితే వాళ్లు నిలబడతారు. కొత్త ఫీచర్లకు డబ్బివ్వడానికి ఎప్పుడూ ఎవరో ఒకరు ఉంటారు, మొదటి రూపాయి వెళ్లాల్సింది రివ్యూకే అని నేను గట్టిగా నమ్ముతాను.

అపోహ: ఇంకొకరికి కోడ్ మార్చే హక్కులిచ్చేస్తే భారం తగ్గిపోతుంది.

ఫైళ్లను కుదించే ఎక్స్‌జడ్ యుటిల్స్ అనే టూల్‌లో జరిగింది గుర్తుందా? అలసిపోయిన ఒక్క మెయింటెయినర్ మీద, అప్‌డేట్లు ఆలస్యమవుతున్నాయంటూ కొన్ని పేర్లతో ఒత్తిడి పెరిగింది. ఇంకో పక్క ఓపిగ్గా ప్యాచ్‌లు పంపుతూ నమ్మకం సంపాదించిన ఒక ఖాతా మెల్లగా రిలీజులు ఇచ్చే స్థాయికి చేరి, 5.6.0, 5.6.1 వెర్షన్లలో బ్యాక్‌డోర్ (దొంగదారి) పెట్టింది. ఎస్‌ఎస్‌హెచ్ (దూరంగా ఉన్న సర్వర్‌లోకి వెళ్లే పద్ధతి) లాగిన్ అర సెకను ఆలస్యమవుతోందేమిటని తవ్వి చూసిన ఇంజనీరు ఆండ్రెస్ ఫ్రాయిండ్ వల్ల 2024 మార్చిలో అది బయటపడింది. దీన్ని చూసి కొత్తవాళ్లందరినీ అనుమానించడం మొదలుపెడితే ఉన్న ఒక్కరూ ఇంకా అలసిపోతారు. చూడాల్సింది వేరే ఉంది. ఆ బ్యాక్‌డోర్‌ను నడిపించే కీలకమైన ముక్క అందరికీ కనిపించే గిట్ రిపాజిటరీలో (కోడ్ ఉండే చోట) లేదు, రిలీజ్ టార్‌బాల్‌లో (విడుదల కోసం ప్యాక్ చేసిన ఫైల్‌లో) మాత్రమే ఉంది. అందుకే రిలీజ్ ఒకరి సొంత మెషీన్‌లో తయారు కాకూడదు, పబ్లిక్ సోర్స్ నుంచి ఆటోమేటిక్‌గా బిల్డ్ అవ్వాలి, బయటికి వెళ్లేముందు రెండో మనిషి ఓకే చెప్పాలి. ఆ రెండో మనిషి ఉండాలంటే వాళ్ల సమయానికీ డబ్బు కావాలి, మళ్లీ అక్కడికే వస్తాం.

అపోహ: నచ్చకపోతే ఫోర్క్ చేసుకోవచ్చు, అంటే కోడ్ కాపీ తీసుకుని సొంతంగా నడుపుకోవచ్చు.

చేసుకోవచ్చు. రేపటి నుంచి ఆ ఫోర్క్‌కు సెక్యూరిటీ ప్యాచ్‌లు మీరే ఇవ్వాలి.

అపోహ: మెర్జ్ హక్కు (మార్పులను కోడ్‌లో కలిపే హక్కు) లేనివాళ్లు చేయగలిగింది ఏమీ లేదు.

కంపెనీల్లో ఉన్నవాళ్ల నుంచి ఇది ఎక్కువగా వింటాను. రిపోర్టులో చెప్పిన బగ్ మీ దగ్గరా వస్తోందో లేదో చూసి, వెర్షన్ నంబరుతో సహా రాయడానికి ఏ హక్కూ అక్కర్లేదు. వేరొకరి పుల్ రిక్వెస్టును మీ సిస్టమ్‌లో నడిపి ఫలితం చెప్పినా, రిలీజ్ క్యాండిడేట్‌ను (రిలీజ్‌కు ముందు పరీక్షకు ఇచ్చే వెర్షన్‌ను) మీ టెస్టుల మీద పెట్టి చూసినా అంతే. మీ మేనేజర్‌ను అడగాల్సిందల్లా ఈ పనిని ఆఫీసు పనిగా లెక్కలో వేసి వారంలో కొన్ని గంటలు ఇవ్వమని.