మూత తెరిస్తే టచ్‌ప్యాడ్ ఎందుకు లేవదు?

నల్లగొండలో, పాలమూరులో డిగ్రీ, ఇంజనీరింగ్ చదివే పిల్లలు చాలామంది సికింద్రాబాద్‌లోని కంప్యూటర్ల మార్కెట్ సీటీసీకి పోయి సెకండ్ హ్యాండ్ లాప్‌టాప్ తెచ్చుకుంటారు. విండోస్ బరువైపోతోందని లినక్స్ ఎక్కిస్తారు. మూత మూసి మళ్లీ తెరిచినప్పుడు మొదలవుతాయి తిప్పలు. తెర వెలుగుతుంది, టచ్‌ప్యాడ్ మాత్రం కదలదు. రిపేరు షాపులో స్ట్రిప్ (టచ్‌ప్యాడ్‌ను బోర్డుకు కలిపే పల్చటి కేబుల్) మార్చాలంటారు. అదే మెషీన్‌లో విండోస్ కింద టచ్‌ప్యాడ్ బాగానే ఆడుతుంటే స్ట్రిప్‌ను అనుమానించి లాభం లేదు.

ఈ గొడవ మూలం 1984లో ఉంది. ఐబీఎం ఆ ఏడాది తెచ్చిన పీసీ ఏటీలో కీబోర్డు పని చూసేందుకు ఇంటెల్ 8042 అనే చిన్న చిప్ పెట్టింది. 1987లో పీఎస్/2 మెషీన్లతో మౌసు కూడా దాని కిందికే చేరింది. ఆ చిప్ ఎప్పుడో పోయింది. లాప్‌టాప్‌లలో ఎంబెడెడ్ కంట్రోలర్ అనే ఇంకో చిన్న చిప్ దాని వేషం కడుతోంది, అంతే. ఇలాంటి లాప్‌టాప్‌లో టచ్‌ప్యాడ్ మౌసులాగే దాని కింద నడుస్తుంది. ఏ కంపెనీ వేషం ఎంత బాగా కుదిరిందో దాని ఫర్మ్‌వేర్‌ను, అంటే చిప్‌లోనే కంపెనీ రాసిపెట్టిన ప్రోగ్రామును బట్టి ఉంటుంది. విండోస్‌తో పనిచేస్తే చాలనుకున్న కంపెనీలే ఎక్కువ.

1991లో లినక్స్ సృష్టికర్త లినస్ టోర్వాల్డ్స్ రాసిన తొలి కెర్నల్‌లో (లినక్స్‌కు గుండెకాయ లాంటి ప్రోగ్రాము) ఏ మీటకు ఏ అక్షరమో చెప్పే కీబోర్డు పట్టిక నేరుగా ఫిన్లాండ్‌దే. వొయ్‌తెఖ్ పావ్లిక్ రాసిన ఇన్‌పుట్ సబ్‌సిస్టమ్ (ఇలాంటి పరికరాలన్నిటినీ ఒకేచోట చూసే కెర్నల్ భాగం) కిందికి కీబోర్డులు, మౌసులు పూర్తిగా వచ్చింది 2003 చివర్లో, 2.6 వెర్షన్‌తో. అప్పటినుంచి మరమ్మతుల్లో పెద్ద భాగం మినహాయింపుల పట్టికే. ఒక ఉదాహరణ: ఒకే కంట్రోలర్ నాలుగు మౌసుల దాకా విడివిడిగా నడిపే మల్టిప్లెక్సింగ్ పద్ధతి ఒకటుంది. తనకది వచ్చని చెప్పి, తీరా వాడితే చేతులెత్తేసే మెషీన్లు చాలానే దొరికాయి. వాటిని మోడల్ పేరుతో పట్టికలో రాసి, ఆ పద్ధతి జోలికి పోవద్దని కెర్నల్‌కు చెప్పాల్సి వచ్చింది. చూడ్డానికి అందంగా లేదు గానీ, ఫర్మ్‌వేర్ మన చేతిలో లేనప్పుడు ఇంకేం చేస్తారు?

బాణం ఉన్నట్టుండి మూలకు ఎగిరిపోవడం ఇంకో రకం. మామూలు పీఎస్/2 మౌసు కదలికను 3 బైట్లలో పంపితే, సినాప్టిక్స్ టచ్‌ప్యాడ్ 6 బైట్లలో పంపుతుంది. మధ్యలో ఒక్క బైటు జారితే, రేషన్ క్యూలో ఒకరు తప్పుకుంటే వెనకవాళ్ల టోకెన్లన్నీ కలవనట్టు, అడ్డం లెక్క నిలువులోకి పోతుంది. అందుకే డ్రైవర్ (పరికరాన్ని నడిపే కెర్నల్ ప్రోగ్రాము) కొన్ని బైట్లలో ఉండే గుర్తు బిట్లు సరిచూస్తుంది. తేడా వస్తే లాగ్‌లో 'లాస్ట్ సింక్' అని రాస్తుంది.

యూఎస్‌బీ వచ్చాక అసలు ప్రశ్నే మారింది. పరికరం తన గురించి తాను పంపే వివరణను కెర్నల్ నమ్మొచ్చా? 2013లో కెర్నల్ భద్రత చూసే కీస్ కుక్ అలాంటి వివరణలను తప్పుగా పంపి, హెచ్ఐడీ (కీబోర్డు, మౌసు లాంటి పరికరాల) డ్రైవర్లలో వరుసగా లోపాలు పట్టాడు. 2024లో సవరించిన ఇంకో లోపం చూస్తే ఆశ్చర్యమేస్తుంది: రిపోర్టు (పరికరానికీ కెర్నల్‌కూ మధ్య నడిచే సమాచారం) కోసం తీసుకున్న మెమరీని సున్నాలతో నింపకుండా వాడేశారు. మార్చింది దాదాపు ఒక్క మాటే. సెర్బియాలో ఒక విద్యార్థి ఫోన్ తాళం తీయడానికి వాడిన లోపాల్లో అదీ ఉందని 2025లో మానవ హక్కుల సంస్థ ఆమ్నెస్టీ చెప్పింది.

2023లో 6.3 వెర్షన్‌తో వచ్చిన హెచ్ఐడీ-బీపీఎఫ్ (నడుస్తున్న కెర్నల్‌లోకి చిన్న ప్రోగ్రాము ఎక్కించే పద్ధతి) వల్ల, తిక్క వివరణ పంపే పరికరాన్ని కెర్నల్ మళ్లీ కంపైల్ చేయకుండానే సరిచేయొచ్చు. 8042 దారిలో నడిచే పాత లాప్‌టాప్‌కు అది పనికిరాదు. దానికి బూట్ లైనులో (మెషీన్ మొదలయ్యేటప్పుడు కెర్నల్‌కు ఇచ్చే సూచనల వరుస) 'ఐ8042.నోమక్స్' (i8042.nomux), 'ఐ8042.రీసెట్' (i8042.reset) లాంటివి ఒక్కొక్కటే పెట్టి చూడాలి. ఏదైనా ఫలిస్తే, ఆ మోడల్ పేరును మినహాయింపుల పట్టికలో చేర్చే ప్యాచ్ (సవరణ) కెర్నల్ రాసేవాళ్లకు పంపాలి.