ఐదు తీగలు, మూడు కొక్కేలు: అలబామా రిగ్ వివాదం అసలు మలుపు ఎక్కడ

అమెరికాలో బాస్ అనే మంచినీటి చేపల్ని పట్టే పోటీల్లో, నీటిలోని చేపల్ని ధ్వని తరంగాలతో గుర్తించే సోనార్‌పై రేగిన వాదన, ఒకే దారానికి అనేక ఎరలు కట్టే అలబామా రిగ్ అనే పనిముట్టును మళ్లీ చర్చలోకి తెచ్చింది. పడవ ముందు నీటిలో తిరుగుతున్న చేపను కదలికతో సహా తెరపై చూపే లైవ్‌స్కోప్‌ను గార్మిన్ సంస్థ 2018లో విడుదల చేసింది. ఇలాంటి పరికరాల వాడకాన్ని పోటీల నిర్వాహక సంస్థ మేజర్ లీగ్ ఫిషింగ్ 2025లో తన బాస్ ప్రో టూర్‌లో రోజుకు మూడు విడతలకు గాను ఒక్క విడతకే పరిమితం చేసింది. మరో నిర్వాహక సంస్థ బి.ఏ.ఎస్.ఎస్. కూడా తన పై అంచె పోటీలైన ఎలైట్ సిరీస్ పడవలపై వీటికి హద్దులు పెట్టింది. ఈ చర్యలు చాలవనేవారూ, అసలు అవసరమే లేదనేవారూ ఇద్దరూ అలబామా రిగ్‌నే సాక్ష్యంగా చూపుతున్నారు. నాడు దాన్ని నిషేధించగా లేనిది నేడు దీన్ని ఎందుకు నిషేధించరని మొదటివారు అడుగుతుంటే, ఆ నిషేధం వల్ల చేపలకు ఒరిగిందేమిటని రెండోవారు నిలదీస్తున్నారు. నాడు ఎవరు, ఎవరికి, దేన్ని నిషేధించారన్న ప్రశ్న మాత్రం ఈ రెండు వాదనల్లోనూ మరుగున పడిపోతోంది.

2011 అక్టోబరులో అలబామాలోని గంటర్స్‌విల్ జలాశయంపై ఎఫ్ఎల్‌డబ్ల్యూ అనే సంస్థ నిర్వహించిన పోటీని పాల్ ఎలియాస్ నాలుగు రోజుల్లో 102 పౌండ్ల 8 ఔన్సుల తూకంతో గెలవడం, ఆయన చేతిలోని రిగ్ అదే రాష్ట్రంలోని మజిల్ షోల్స్‌కు చెందిన ఆండీ పాస్ రూపొందించినది కావడం ఈ క్రీడను అనుసరించేవారందరికీ తెలిసిన కథే. ఆ వస్తువు పనితీరును మాత్రం ఒకసారి దగ్గరగా చూడాలి, ఎందుకంటే తరువాతి నిబంధనలన్నీ దాని నిర్మాణం చుట్టూనే తిరిగాయి. చేప తలలా మలచిన చిన్న దిమ్మ నుంచి ఐదు ఉక్కు తీగలు గొడుగు పుల్లల్లా విచ్చుకుంటాయి. ఒక్కో తీగ చివర ఒక్కో కొక్కెం, దానికి తొడిగిన మెత్తని ప్లాస్టిక్ చేప ఉంటాయి. చలికాలంలో అడుగుకు చేరక, పైకి రాక, నడి నీటిలో నిలిచి షాడ్ అనే చిన్న చేపల గుంపుల కోసం కాచుకునే బాస్‌కు ఇది ఒంటరి ఎరగా కాక కదిలిపోతున్న చిన్న గుంపుగా కనిపిస్తుంది. ఒకే విసురుకు రెండు మూడు చేపలు పడటం కూడా ఉంది. తూకం ఎక్కువ కాబట్టి దీన్ని విసరడానికి బరువైన రాడ్, మందపాటి అల్లిక దారం కావాలి.

చాలామంది ఆ గెలుపునే మలుపుగా చెబుతారు. నిజానికి మలుపు ఆ తరువాతి చలికాలంలో వచ్చింది. అప్పుడు ఒకే వస్తువు గురించి రెండు వేర్వేరు అధికారాలు రెండు వేర్వేరు ప్రశ్నలు వేసుకున్నాయి. ఈ వివాదంలో నేటికీ వీడని చిక్కుముడి అక్కడే పడింది.

బి.ఏ.ఎస్.ఎస్. వేసుకున్న ప్రశ్న పోటీకి సంబంధించినది. ఇంత ప్రభావం గల రిగ్ అందరి చేతికీ వస్తే నైపుణ్యానికి ఏం విలువ మిగులుతుందన్న ఆందోళన పోటీదారుల్లోనే బలంగా వినిపించింది. ఎలైట్ సిరీస్‌లోనూ, తన వార్షిక ఛాంపియన్‌షిప్ అయిన క్లాసిక్‌లోనూ ఒక దారానికి ఒకే ఎర ఉండాలన్న నియమం 2012 సీజన్‌కు అలా వచ్చింది. ఎఫ్ఎల్‌డబ్ల్యూ కొంతకాలం రిగ్‌ను అనుమతించి, ఆ తరువాత తన పై అంచె పోటీల నుంచి అదీ తప్పించింది. ఆ ఎఫ్ఎల్‌డబ్ల్యూనే 2019లో మేజర్ లీగ్ ఫిషింగ్ తనలో కలుపుకుంది. అంటే రిగ్ వెలుగులోకి వచ్చిన వేదిక, 2025లో సోనార్‌కు గంటలు లెక్కగట్టిన వేదిక ఒకే వంశానికి చెందినవి. జనం నోట "నిషేధం"గా స్థిరపడిన మాటకు మూలం ఈ పోటీ నియమాలే తప్ప ఏ రాష్ట్ర చట్టమూ కాదు. వాటికి లోబడింది ఆ పోటీల్లో పాల్గొన్న కొద్దిమందే.

రాష్ట్రాల ముందున్న ప్రశ్న వేరు. ఒక మనిషి ఒకేసారి నీటిలో ఎన్ని కొక్కేలు ఉంచవచ్చు? చాలా రాష్ట్రాల్లో ఈ ప్రశ్నకు జవాబు అలబామా రిగ్ పుట్టకముందే రాసి ఉంది. విస్కాన్సిన్‌లో ఒక్కొక్కరికి మొత్తం మూడు కొక్కేలు లేదా ఎరలు. అయోవాలో ఒక దారానికి రెండు. మిన్నెసోటాలో ఒక్క ఎరకే అనుమతి, కాబట్టి అక్కడ ఐదు తీగల రిగ్‌ను ఒకే కొక్కెంతో, మిగిలిన నాలుగింటినీ ఉత్త ఆకర్షణలుగా ఉంచి వాడాలి. న్యూయార్క్‌లో ఒక దారానికి ఐదు ఎరల దాకా, పదిహేను కొక్కెపు మొనలకు మించకుండా వాడుకోవచ్చు. టెన్నెసీ, మిస్సోరీలలో రిగ్‌కు మూడు కొక్కేలే హద్దు. రిగ్ జన్మస్థలమైన అలబామాలో ఐదు తీగలకూ ఐదు కొక్కేలు కట్టుకోవచ్చు.

కొక్కేల సంఖ్యకు హద్దు కోరేవారి వాదనలో ఒక అంశాన్ని కాదనలేం: తీగలన్నిటికీ కొక్కేలుంటే ఒకదాన్ని నోట కరిచిన చేపకు పక్కనున్నది కంటిలోనో, డొక్కలోనో గుచ్చుకునే అవకాశం ఎక్కువ. చేపను తిరిగి నీటిలోకి వదిలే క్రీడలో ఇది చిన్న విషయం కాదు. మూడు కొక్కేల హద్దుకు బలమైన సమర్థన అదే.

అయితే చేపల సంఖ్యకు ముప్పు అన్న వాదనకు మత్స్య శాఖల దగ్గర అంతకన్నా పాత, అంతకన్నా నేరైన సాధనం ఉంది. అది అదుపు చేసేది చేపల్ని పట్టడాన్ని కాదు, పట్టి ఇంటికి తీసుకుపోవడాన్ని. వదిలిన చేపల్లో కొన్ని చనిపోతాయన్నది నిజమే, అయినా నేరుగా లెక్కగట్టి హద్దు పెట్టగలిగేది ఇంటికి చేరేవాటికే. అందుకే ప్రతి రాష్ట్రమూ రోజుకు ఎన్ని, ఎంత పొడవువి ఉంచుకోవచ్చో నిర్ణయిస్తుంది. అలబామాలో బాస్‌కు రోజువారీ పరిమితి పది, టెన్నెసీలో ఐదు. ఒక విసురుకు మూడు పడినా, మూడు విసుర్లకు ఒకటి పడినా ఆ అంకె మారదు. గంటర్స్‌విల్‌లో లార్జ్‌మౌత్, స్మాల్‌మౌత్ అనే రెండు రకాల బాస్‌కూ 15 అంగుళాల కనీస పొడవు నిబంధన కూడా ఉంది. ఒక పనిముట్టు ఎక్కువ చేపల్ని పట్టిస్తోందన్న ఒక్క కారణంతో దాన్ని చట్టవిరుద్ధం చేయడానికి రాష్ట్రాలు తొందరపడకపోవడంలో నాకు నిర్లక్ష్యం కనిపించదు. తమ పని ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో వాటికి తెలుసు.

ఈ తేడా మామూలు మనిషికి తగిలేది సరిహద్దుల దగ్గరే. గంటర్స్‌విల్ జలాశయం పై కొస టెన్నెసీలోకి చొచ్చుకుపోతుంది. పిక్‌విక్ జలాశయం అలబామా, మిసిసిపీ, టెన్నెసీ మూడింటిలోనూ పరుచుకుంది. మిస్సోరీలో ఎక్కువ భాగం ఉన్న టేబుల్ రాక్ దక్షిణపు పాయలు ఆర్కన్సాలోకి దిగుతాయి. నీటిపై గీత ఏదీ ఉండదు, చేపకు రాష్ట్రం తెలియదు. ఐదు కొక్కేలతో అలబామాలో బయలుదేరిన పడవ టెన్నెసీ నీటిలోకి వెళ్లేముందు పటకారు తీసి రెండు కొక్కేలు తుంచేయాలి, లేదా ఆ రెండు తీగలకు కొక్కెం లేని ఎరలు తగిలించాలి. నాష్‌విల్, అట్లాంటాల నుంచి వారాంతాల్లో ఈ నీళ్లకు వచ్చే మన తెలుగు కుటుంబాలు కూడా లైసెన్సుతో పాటు ఆ రాష్ట్రపు ఆ ఏటి నిబంధనల పుస్తకం చూసుకోవడం మంచిది. తెలియదన్న మాట జరిమానాను ఆపదు.

సోనార్ వివాదంలో ఇప్పుడు కొందరు చేపల వేట నిబంధనలు పెట్టే రాష్ట్ర కమిషన్లే కలగజేసుకోవాలని కోరుతున్నారు. పోటీ న్యాయంగా ఉండాలన్న కోరిక సమంజసమైనదే, దాన్ని తీర్చవలసింది పోటీ నిర్వాహకులు. 2012లో బి.ఏ.ఎస్.ఎస్. ఏ శాఖ అనుమతి కోసమూ ఎదురుచూడకుండా ఆ పని చేయగలిగింది, నేడు రెండు సంస్థలూ తమ పరిధిలో అదే చేస్తున్నాయి. చేపలు తరుగుతున్నాయన్న వాదనతో కమిషన్ ముందుకు వెళ్లేవారు మాత్రం తెరల గురించి కాక, ఆ జలాశయంలో ఏటా ఎన్ని చేపలు ఒడ్డుకు చేరుతున్నాయి, రోజువారీ పరిమితి ఆ లెక్కకు సరిపోతోందా అన్న విషయాలతో వెళ్లాలి. ఆ పరిమితిని పదినుంచి ఎనిమిదికో, ఆరుకో తగ్గించే అధికారం కమిషన్ చేతిలో ఇప్పటికే ఉంది. ఆ మార్పు సోనార్ ఉన్న పడవకూ, ఒడ్డున నిలబడి ఒక్క ఎర విసిరేవారికీ సమానంగా వర్తిస్తుంది.