పేరు మీద కాగితం లేకపోతే కేసు వేయలేమా?

"కాగితం నా పేరు మీద లేదు సార్, నాకు లోకస్ ఉండదట కదా?" సివిల్ ప్రాక్టీసులో వారానికి ఒకసారైనా ఈ మాట వింటాను. లోకస్ అంటే కేసు వేసే అర్హత. ఎవరు చెప్పారని అడిగితే, చాలాసార్లు ఎదుటి పక్షం వాళ్లే చెప్పి ఉంటారు!

కోర్టు చూసేది వేరు. చట్టం గుర్తించే హక్కుకి దెబ్బ తగిలిందా, తగిలింది మీకేనా అని చూస్తుంది. యాజమాన్యం అలాంటి హక్కుల్లో ఒకటి మాత్రమే.

అద్దె షాపులో బట్టలు కుట్టుకునే ఒకాయన ఉండేవాడు. ఓనరు రాత్రికి రాత్రి తాళం మార్చేశాడు. మిషన్లు, కస్టమర్ల బట్టలు లోపలే ఉండిపోయాయి. "అద్దెకున్నవాడివి, నీకేం హక్కు" అని నలుగురూ అంటే నమ్మి ఊరుకున్నాడు. నా దగ్గరికి వచ్చేసరికి ఏడో నెల. చట్టప్రకారం కాకుండా ఖాళీ చేయిస్తే, యాజమాన్యంతో పనిలేకుండా స్వాధీనం తిరిగి ఇప్పించమని స్పెసిఫిక్ రిలీఫ్ యాక్ట్ సెక్షన్ 6 కింద దావా వేయొచ్చు. గడువు 6 నెలలే. ప్రభుత్వం మీద మాత్రం ఈ సెక్షన్ పనిచేయదు. "పోయిన నెల వచ్చుంటే?" అని ఆయన అడిగినప్పుడు నాకు గొంతు పెగల్లేదు.

సొంత ఆస్తి పోతేనే రిట్ (ప్రభుత్వ చర్య మీద హైకోర్టులోనో సుప్రీంకోర్టులోనో వేసే పిటిషన్) వేయాలన్నదీ తప్పే. అప్పటి పశ్చిమ గోదావరిలో ధర్మాజీగూడెం ఆరోగ్య కేంద్రం కోసం గద్దె వెంకటేశ్వరరావు ఊరి తరఫున 10,000 రూపాయలు వసూలు చేసి కట్టారు. తర్వాత పంచాయతీ సమితి దాన్ని లింగపాలేనికి మార్చాలని తీర్మానించింది. ఆయనకి కేసు వేసే అర్హత ఉందని సుప్రీంకోర్టు ఒప్పుకుంది, ఆ తీర్పు 1966 ఏఐఆర్‌లో (కోర్టు తీర్పులు అచ్చువేసే సంపుటి) ఉంది. చివరికి ఆయన అడిగింది మాత్రం దక్కలేదు. లోకస్ ఉండటం వేరు, గెలవడం వేరు.

ఎవరైనా దేనిమీదైనా పిల్ (ప్రజా ప్రయోజన వ్యాజ్యం) వేయొచ్చా? లేదు. 1981లో సుప్రీంకోర్టు ఇచ్చిన ఎస్.పి.గుప్తా తీర్పు తలుపు తెరిచింది పేదరికం వల్లో నిస్సహాయత వల్లో కోర్టుకి రాలేనివాళ్ల కోసం. ప్రమోషన్ల గొడవలకి పిల్ నడవదు. ఇంకొకరి కేసు మీరు నడపడం కూడా వేరే సంగతి: అమెరికాలో ఉన్న తమ్ముడి జీపీఏ (తన తరఫున పనులు చేయమని రాసిచ్చిన అధికార పత్రం) మీ దగ్గరుంటే, దావాలో వాది తమ్ముడే. మీరు ఆయన తరఫున నడిపేవారు మాత్రమే.

మీ తాళం ఎవరైనా మార్చితే టెన్షన్ పడుతూ ఇంట్లో కూర్చోకండి. ఆ రోజు తేదీ రాసుకుని, ఫొటో తీసి, అద్దె రసీదులో కరెంటు బిల్లో పట్టుకుని ఆ వారంలోనే లాయరు దగ్గరికి వెళ్లండి.