హెపటైటిస్ సి చికిత్సలో రక్తం తగ్గితే: అపోహలు - వాస్తవాలు

లివర్ రోగులకు మందులు ఎలా వేసుకోవాలో వివరించడం, మధ్యలో వచ్చే ఇబ్బందులను కనిపెట్టి డాక్టరుకు చెప్పడం క్లినికల్ ఫార్మసిస్టుగా నా పని. హెపటైటిస్ సి మందులు వాడుతున్నవాళ్ళు, వాళ్ళ ఇంట్లోవాళ్ళు నన్ను ఎక్కువగా అడిగే మాట ఒకటుంది: "రక్తం పడిపోయిందట, ఏం తింటే పెరుగుతుంది?" అడగడంలో తప్పు లేదు. కానీ ఈ రక్తహీనత తిండి చాలక వచ్చింది కాదు. అది ఎందుకు వచ్చిందో తెలిస్తే ఏం చేయాలో, ముఖ్యంగా ఏం చేయకూడదో దానంతట అదే తెలుస్తుంది.

అపోహ: హెపటైటిస్ సి మందులు ఏవైనా సరే రక్తాన్ని తగ్గిస్తాయి.

వాస్తవం: ఒకప్పుడు ఈ మాట నిజమే. ఈ వైరస్‌ను గుర్తించింది 1989లో. ఆ తర్వాత చాలా ఏళ్ళు ఇంటర్‌ఫెరాన్ ఇంజెక్షన్లే దిక్కు. 1998 నుంచి వాటికి రిబావిరిన్ అనే మందు తోడైంది. ఇంటర్‌ఫెరాన్ ఎముక మజ్జలో కొత్త రక్తకణాల తయారీని అణచిపెట్టేది, రిబావిరిన్ ఉన్న ఎర్ర కణాలను విరగ్గొట్టేది. రెండు వైపులా దెబ్బే. అలా 24 వారాలో 48 వారాలో నెట్టుకురావాలి. 2011లో బోసెప్రెవిర్, టెలాప్రెవిర్ అనే మందులు కూడా కలిశాక వైరస్ ఇంకా బాగా తగ్గింది గానీ రక్తహీనత మరింత ఎక్కువైంది.

2013 చివర్లో సోఫోస్‌బువిర్ వచ్చాక పరిస్థితి మారిపోయింది. ఇప్పుడు ఎక్కువమందికి సోఫోస్‌బువిర్-వెల్‌పటాస్విర్ 12 వారాలు, లేదా గ్లెకాప్రెవిర్-పిబ్రెంటాస్విర్ చాలావరకు 8 వారాలు ఇస్తారు. ఇంజెక్షన్ లేదు, రిబావిరిన్ లేదు. ఈ మాత్రల వల్ల హిమోగ్లోబిన్ పడిపోవడం అరుదు. అయినా పాత కోర్సులో ఎవరో పడిన బాధ విని ఇప్పటికీ చికిత్సకు జంకేవాళ్ళు ఉన్నారు. పూర్తిగా తగ్గిపోయే జబ్బును భయంతో లోపల ఉంచుకుని సిరోసిస్ (లివర్ మచ్చలు పడి గట్టిపడటం) దాకా తెచ్చుకోవడం చూస్తే చాలా బాధేస్తుంది.

రిబావిరిన్ ఇంకా పూర్తిగా పోలేదు. సిరోసిస్ ముదిరి పొట్టలో నీరు చేరడం, కామెర్లు, మతి తప్పడం లాంటివి కనిపించినవాళ్ళకూ, ముందు వాడిన కొత్త మందులు పనిచేయని కొందరికీ దీన్ని కలుపుతారు. కలపడానికి గట్టి కారణమే ఉంది. ముదిరిన సిరోసిస్ రోగుల మీద జరిగిన ఆస్ట్రల్-4 ట్రయల్‌లో సోఫోస్‌బువిర్-వెల్‌పటాస్విర్‌ను 12 వారాలు విడిగా వాడితే 83 శాతం మందికి వైరస్ పోయింది, రిబావిరిన్ కలిపితే 94 శాతం మందికి పోయింది. అందుకే మీ చీటీలో రిబావిరిన్ ఉందా లేదా అన్నది ముందు తెలుసుకోండి. ఇక్కడ రాస్తున్నదాంట్లో ఎక్కువ భాగం ఆ మందు ఉన్నవాళ్ళ కోసమే.

చీటీలో రిబావిరిన్ లేదు, అయినా హిమోగ్లోబిన్ తగ్గుతోంది అంటే "మందు వేడి చేసింది" అని సరిపెట్టుకోకండి. వేరే కారణం వెతకాలి. లివర్ గట్టిపడినవాళ్ళకు అన్నవాహికలో ఉబ్బిన రక్తనాళాల నుంచి, పొట్ట లోపలి పొర నుంచి రక్తం కారవచ్చు. విరేచనం తారులా నల్లగా, జిగటగా వస్తే అది లోపల రక్తం పోతున్న గుర్తు. ఆ రోజే ఆస్పత్రికి వెళ్ళాలి. రిబావిరిన్ వాడుతున్నవాళ్ళకు కూడా ఈ ప్రమాదం ఉంటుంది కాబట్టి, తగ్గిన ప్రతిసారీ నేరం మందు మీద వేసేయకూడదు. నెలసరిలో ఎక్కువ రక్తస్రావం, కిడ్నీ జబ్బు, పెరిగిన ప్లీహం కూడా కారణాలు కావచ్చు.

అపోహ: రక్తం తగ్గింది కాబట్టి ఐరన్ మాత్రలు, రక్తం పట్టే టానిక్కులు వేసుకోవాలి.

వాస్తవం: నేను ఎక్కువగా అడ్డుపడేది ఇక్కడే.

రిబావిరిన్ ఎర్ర రక్తకణంలోకి వెళ్ళి అక్కడ ఫాస్ఫేట్ తగిలించుకుని రూపం మార్చుకుంటుంది. మిగతా కణాలు ఆ రూపాన్ని మళ్ళీ విడదీసి బయటికి పంపగలవు. ఎర్ర కణానికి ఆ పని చేసే ఎంజైములు లేవు. దాంతో మందు లోపల పేరుకుపోతుంది, కణం శక్తి కోసం దాచుకున్న ఏటీపీ తరిగిపోతుంది, పైపొర దెబ్బతింటుంది. అలా దెబ్బతిన్న కణాలను ప్లీహం, లివర్ ఏరి తీసేస్తాయి. మామూలుగా 120 రోజులు బతకాల్సిన కణం గడువు తీరకముందే పోతుంది. దీన్నే హీమోలిటిక్ అనీమియా అంటారు.

ఇందులో ఐరన్ ఎక్కడికీ పోదు. విరిగిన కణాల్లోని ఇనుమును శరీరం మళ్ళీ నిల్వల్లోకే చేర్చుకుంటుంది. పైగా హెపటైటిస్ సి ఉన్న చాలామంది లివర్‌లో ఇనుము ముందే కాస్త ఎక్కువగా ఉంటుంది. అక్కరలేని ఐరన్ ఇంకా పోస్తే లివర్‌కే చేటు, మలబద్ధకం అదనం. సిరోసిస్ ముదిరినవాళ్ళకు మలబద్ధకం చిన్న విషయం కాదు, దానివల్ల మతిమరుపు, మగత ముదరవచ్చు. ఇంకో చిక్కు కూడా ఉంది. ఐరన్ వేసుకుంటే విరేచనం నల్లగానే వస్తుంది, అప్పుడు అది మాత్ర వల్లా లోపలి రక్తస్రావం వల్లా అని తేల్చుకోవడం కష్టం.

ఐరన్ అసలు ఎవరికీ వద్దని కాదు. ఒంట్లో ఇనుము ఎంత ఉందో చెప్పే ఫెరిటిన్, ట్రాన్స్‌ఫెరిన్ శాచురేషన్ పరీక్షల్లో నిజంగా లోపం కనిపిస్తే డాక్టరే ఇస్తారు. ఫోలిక్ యాసిడ్, బీ12 సంగతి కూడా అలాగే చూసుకోవాలి. కణాలు వేగంగా విరుగుతున్నప్పుడు మజ్జ కొత్తవాటిని తయారుచేస్తూ ఫోలేట్‌ను ఎక్కువగా ఖర్చు చేస్తుంది. ఎర్రగా ఉండే రసాలు తాగితే రక్తం ఎర్రబడుతుందన్న నమ్మకానికి మాత్రం ఆధారం లేదు. ఇష్టమైతే తాగండి, మందు అనుకుని తాగకండి.

అపోహ: హిమోగ్లోబిన్ తగ్గిందంటే వెంటనే మాత్రలన్నీ ఆపేయాలి.

వాస్తవం: ఆపాల్సిన అవసరం కొన్నిసార్లు వస్తుంది. కానీ ఏది ఆపాలి, ఎప్పుడు ఆపాలి అన్నది ఇంట్లో తేల్చుకునే విషయం కాదు. తగ్గుదల సాధారణంగా మొదటి ఒకటి రెండు వారాల్లోనే మొదలవుతుంది, నాలుగో వారం దగ్గర బాగా కనిపిస్తుంది. అందుకే మందు మొదలుపెట్టే ముందు ఒకసారి, తర్వాత రెండో వారం, నాలుగో వారం సీబీపీ (హిమోగ్లోబిన్, రక్తకణాలు ఎంత ఉన్నాయో చూసే రక్తపరీక్ష) చేయిస్తారు. ముదిరిన సిరోసిస్ ఉంటే ఇంకా తరచుగా చేయించవచ్చు. పాత ఇంటర్‌ఫెరాన్ కోర్సులో 2 నుంచి 3 గ్రాములు తగ్గడం మామూలుగానే చూసేవాళ్ళం.

గుండె జబ్బు లేనివాళ్ళకు హిమోగ్లోబిన్ 10 గ్రాముల లోపుకు వస్తే రిబావిరిన్ డోసు తగ్గిస్తారు. 8.5 కంటే కిందికి పోతే రిబావిరిన్ ఆపుతారు. గుండె జబ్బు ఉంటే లెక్క వేరు. నాలుగు వారాల్లో 2 గ్రాములు తగ్గినా, అంకె ఇంకా 11 లోనో 12 లోనో ఉన్నా సరే, డోసు తగ్గించాల్సిందే. అందుకే ఎప్పుడో ఒకసారి వచ్చిన ఛాతీ నొప్పి, పాత ఈసీజీలో తేడా లాంటివి కూడా మొదటి రోజే చెప్పండి. కిడ్నీలు సరిగా పనిచేయకపోతే రిబావిరిన్ ఒంట్లో పేరుకుపోతుంది, డయాలిసిస్‌తో కూడా పెద్దగా బయటికి పోదు. కాబట్టి కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ రిపోర్టు కూడా చూపించాలి. తలసీమియా, సికిల్ సెల్ ఉన్నవాళ్ళ ఎర్ర కణాలు ముందే బలహీనం కాబట్టి వాళ్ళకు రిబావిరిన్ ఇవ్వకూడదు. ఇంట్లో ఎవరికైనా ఆ జబ్బులు ఉంటే ఆ మాట కూడా ముందే చెప్పాలి.

డోసు తగ్గిస్తే చికిత్స వృథా అవుతుందన్న టెన్షన్ చాలామందికి ఉంటుంది. బోసెప్రెవిర్ కాలంలో దీన్నే పరీక్షించి చూశారు. రక్తహీనత వచ్చినవాళ్ళలో కొందరికి రిబావిరిన్ డోసు తగ్గించారు, మరికొందరికి డోసు అలాగే ఉంచి రక్తం పెంచే ఇంజెక్షన్ ఇచ్చారు. రెండు గుంపుల్లోనూ దాదాపు 71 శాతం మందికి వైరస్ పోయింది. కాబట్టి డాక్టరు డోసు తగ్గించారంటే మిమ్మల్ని వదిలేసినట్టు కాదు. రిబావిరిన్ తగ్గించినా, ఆపినా వైరస్‌ను చంపే అసలు మాత్రలను మాత్రం డాక్టరు చెప్పేదాకా ఒక్క పూట కూడా మానకండి. అవి మధ్యలో ఆపితే వైరస్ తిరిగి లేచే ప్రమాదం ఉంది.

అపోహ: కళ్ళు పచ్చబడ్డాయంటే లివర్ చేతులెత్తేసినట్టే.

వాస్తవం: ఎర్ర కణాలు విరిగితే వాటిలోని హిమోగ్లోబిన్ బిలిరుబిన్ అనే పసుపు పదార్థంగా మారుతుంది. అందుకే రిబావిరిన్ వాడేటప్పుడు బిలిరుబిన్ కొద్దిగా పెరగవచ్చు. ఇలా పెరిగేది ఎక్కువగా ఇన్‌డైరెక్ట్ బిలిరుబిన్. రిపోర్టులో డైరెక్ట్, ఇన్‌డైరెక్ట్ విడిగా ఉంటాయి. విరిగిన కణాల్లోంచి బయటపడే ఎల్‌డీహెచ్ పెరిగి, విడిపడిన హిమోగ్లోబిన్‌ను పట్టుకునే హ్యాప్టోగ్లోబిన్ తగ్గి ఉంటే కణాలు విరుగుతున్నాయని ఇంకా స్పష్టమవుతుంది. అయితే సిరోసిస్ ఉన్నవాళ్ళలో ఇదే పచ్చదనం లివర్ బలహీనపడటం వల్ల కూడా రావచ్చు. భయపడి మందు మానేయవద్దు, మామూలేలే అని ఊరుకోనూ వద్దు. ఆ వారంలోనే రక్తపరీక్ష చేయించండి. మగత, తికమక, పొట్ట ఉబ్బడం తోడైతే వారం కూడా ఆగకండి.

అపోహ: వేలికి పెట్టే ఆక్సిమీటర్‌లో 98 చూపిస్తోంది, అంటే ఆయాసానికి కారణం రక్తం కాదు.

వాస్తవం: ఆ పరికరం ఉన్న హిమోగ్లోబిన్‌లో ఎంత శాతం ఆక్సిజన్‌తో నిండిందో చెబుతుంది. హిమోగ్లోబిన్ ఎంత ఉందో చెప్పదు. 8 గ్రాములే ఉన్నా అదంతా నిండి ఉంటే 98 అనే చూపిస్తుంది. మెట్లెక్కితే ఆయాసం, గుండె దడ, లేచి నిలబడితే కళ్ళు తిరగడం ఉంటే ఆ అంకెను నమ్ముకోకుండా సీబీపీ చేయించండి. కదలకుండా కూర్చున్నప్పుడు కూడా ఆయాసం వచ్చినా, ఛాతీ పట్టేసినట్టున్నా, స్పృహ తప్పినా అది అత్యవసరం.

అపోహ: ఒక ఇంజెక్షనో, ఒక బాటిల్ రక్తమో ఎక్కిస్తే సరి.

వాస్తవం: రక్తం పెంచే ఎరిత్రోపోయిటిన్ ఇంజెక్షన్ పనిచేయడానికి వారాలు పడుతుంది. బీపీ పెరగడం, రక్తనాళాల్లో గడ్డలు కట్టడం లాంటి ప్రమాదాలున్నాయి. కోర్సు 12 వారాలే ఉన్న ఈ రోజుల్లో డోసు సర్దితే చాలావరకు సరిపోతుంది. రక్తం ఎక్కించడం, అంకె మరీ పడిపోయినవాళ్ళకూ గుండె తట్టుకోలేనివాళ్ళకూ మాత్రమే.

అపోహ: మూడు నెలల షుగర్ పరీక్ష తగ్గింది, షుగర్ అదుపులోకి వచ్చింది.

వాస్తవం: ఇది చాలామంది గమనించని విషయం. హెచ్‌బీఏ1సీ అనేది ఎర్ర కణం బతికినన్నాళ్ళు దానికి అంటుకున్న చక్కెరను కొలుస్తుంది. కణాలు త్వరగా పోయి కొత్తవి వస్తుంటే చక్కెర అంటుకోవడానికి వ్యవధే ఉండదు. షుగర్ ఎక్కువగా ఉన్నా ఆ అంకె తక్కువ చూపిస్తుంది. రిబావిరిన్ వాడినన్నాళ్ళూ, ఆ తర్వాత కొన్ని నెలలూ ఆ పరీక్షను పట్టించుకోకండి. గ్లూకోమీటర్‌తో పరగడుపున, తిన్నాక చూసుకోవడమే నమ్మదగ్గది. ఆ రిపోర్టు చూసి షుగర్ మాత్రలు తగ్గించుకోవద్దు.

అపోహ: రక్తం తక్కువున్నప్పుడు మంచం దిగకూడదు.

వాస్తవం: పూర్తిగా పడుకుంటే కండ బలం తగ్గి నీరసం ఇంకా పెరుగుతుంది. మీకు ఏ పూట కాస్త ఓపికగా ఉంటుందో చూసుకుని ముఖ్యమైన పని ఆ పూట పెట్టుకోండి. కొద్ది దూరం నడవండి, ఆయాసం వస్తే ఆగండి. పడుకుని లేచేటప్పుడు ఒక నిమిషం కూర్చుని అప్పుడు నిలబడండి. కళ్ళు తిరిగే రోజుల్లో బండి నడపకండి. రిబావిరిన్ తిండితో పాటే వేసుకోవాలి, రెండు పూటలుగా ఇస్తే రెండో డోసు మరీ రాత్రి పొద్దుపోయాక వేసుకోకండి, కొందరికి నిద్ర పట్టదు. ఆ నిద్రలేమి కూడా నీరసంలో ఒక భాగమే. ఇంట్లోవాళ్ళకు నా మనవి ఒకటే, "ఎప్పుడూ పడుకునే ఉంటున్నావు" అనే మాట ఈ కొద్ది నెలలు అనకండి. పైకి కనిపించకపోయినా వాళ్ళ ఒంట్లో ఓపిక నిజంగానే లేదు.

అపోహ: చివరి మాత్రతో మందు ప్రభావం కూడా అయిపోతుంది.

వాస్తవం: కోర్సు ముగిశాక హిమోగ్లోబిన్ కొద్ది వారాల్లో పెరగడం మొదలై, ఎక్కువమందికి ఒకటి రెండు నెలల్లో పాత స్థాయికి చేరుతుంది. కానీ రిబావిరిన్ ఎర్ర కణాల్లో చాలాకాలం నిలిచి ఉంటుంది. ఇది కడుపులో బిడ్డకు తీవ్రమైన హాని చేసే మందు. వాడింది భర్త అయినా, భార్య అయినా కోర్సు సమయంలోనూ ఆ తర్వాత కనీసం 6 నెలలూ గర్భం రాకుండా జాగ్రత్తపడాలి. స్త్రీలు ఇంకా ఎన్నాళ్ళు ఆగాలో డాక్టరును అడిగి తెలుసుకోవాలి.

కోర్సు ముగిసిన 12 వారాలకు వైరస్ పోయిందో లేదో తేల్చే పరీక్ష చేస్తారు. ఆ రోజు సీబీపీ కూడా చేయించుకోండి. అప్పటికీ హిమోగ్లోబిన్ పాత స్థాయికి రాకపోతే ఇక రిబావిరిన్‌ను కారణంగా చెప్పలేం. రక్తం ఎక్కడైనా కారుతోందా, ఐరన్, బీ12, కిడ్నీలు ఎలా ఉన్నాయి అన్నది మొదటి నుంచి చూడాలి.