ఐసు కరిగితే నష్టమా?

"అప్పుడే సగం కరిగిపోయింది, నా డబ్బంతా నీళ్ల పాలైంది" అని రొయ్యల రైతు నాతో తగువుకు దిగని పట్టుబడి (చెరువులో రొయ్యలు పట్టే రోజు) ఉండదు. భీమవరం పరిసరాల్లోని ఐసు ఫ్యాక్టరీల్లో పదిహేడేళ్లుగా ఆపరేటరును. మా పని మీద ఉన్న అపోహల్లో ఇదే పెద్దది.

కరగడమే ఐసు చేసే పని. సున్నా డిగ్రీల దగ్గరున్న కిలో ఐసు అదే సున్నా డిగ్రీల నీరు కావడానికి 80 కిలో కేలరీల వేడిని లాక్కుంటుంది. అంత వేడితో కిలో చన్నీటిని సున్నా నుంచి 80 డిగ్రీల దాకా కాచవచ్చు. అయినా ఐసు కరుగుతున్నంతసేపూ థర్మామీటరు కదలదు. బడి పుస్తకంలో గుప్తోష్ణం అన్నది దీన్నే. ఆ వేడి రొయ్య ఒంట్లోంచే రావాలి. 30 డిగ్రీల చెరువులోంచి తీసిన కిలో సరుకు సున్నాకు దిగాలంటే సుమారు మూడో వంతు కిలో ఐసు కరగక తప్పదు. మిగిలినది దారి పొడవునా పెట్టెలోకి చొరబడే వేడిని కాచుకోవడానికి. అందుకే దిమ్మను నలగ్గొట్టి పొరలు పొరలుగా వేయమంటాను. దిమ్మ దిమ్మగానే ఉంటే దానికి ఆనుకున్న నాలుగు రొయ్యలే చల్లబడతాయి.

కంప్రెసర్ చల్లదనాన్ని పుట్టిస్తుందనేది ఇంకొకటి. నమ్మేవారు కంప్రెసర్ నుంచి బయటికి వచ్చే గొట్టం మీద చేయి వేయకండి, కాలుతుంది! చల్లబరిచేది అమోనియా మరగడం. మరిగేదంతా వేడిగా ఉంటుందనుకుంటాం కానీ, మామూలు గాలి పీడనంలో అమోనియా మైనస్ 33 డిగ్రీలకే మరుగుతుంది. మరగడానికి కావలసిన వేడిని, ఐసు డబ్బాలు మునిగి ఉండే ఉప్పునీటి తొట్టి నుంచి తీసుకుంటుంది. ఆ ఆవిరిని కంప్రెసర్ పీల్చి, నొక్కి, కండెన్సర్‌కు పంపుతుంది. అక్కడ గొట్టాల మీద పారే నీళ్లకు వేడిని వదిలేసి అమోనియా మళ్లీ ద్రవమవుతుంది.

ఇక్కడే యజమానులు కూడా పొరబడతారు. శ్రావణంలో మబ్బు పట్టి చల్లగా ఉంటే యంత్రానికి సులువనుకుంటారు. గొట్టాల మీది నీరు ఆవిరైతేనే వేడి పోతుంది. మన డెల్టాలో ఆ రోజుల్లో గాలే తడిగుడ్డలా ఉంటుంది, ఇక నీరెక్కడ ఆవిరవుతుంది? పొడి పడమటి గాలి వీచే మే నెల మధ్యాహ్నం కంటే ముసురు రోజున పీడనం ముల్లు పైకి పోవడం చాలాసార్లు చూశాను.

తొట్టిలో ఉప్పు వేసేది నీళ్లు త్వరగా గడ్డకట్టడానికి కాదు, గడ్డకట్టకుండా ఉండటానికి. మైనస్ పది దగ్గర కూడా ఆ నీరు ద్రవంగానే ఉంటేనే అందులో ముంచిన డబ్బాల్లోని మంచినీరు దిమ్మ కడుతుంది.

దిమ్మ నడుమ తెల్లగా ఉంటే ఏదో కలిపారని అనుమానం. నీరు డబ్బా గోడల నుంచి లోపలికి గడ్డకడుతూ, తనలోని గాలినీ లవణాలనూ నడుమకు నెడుతుంది. ఆ తెలుపు అదే. అలాగని అద్దంలా మెరిసే దిమ్మ తాగడానికి పనికొస్తుందనుకోవద్దు. గడ్డకట్టేటప్పుడు గాలి ఊది నీటిని కదిలిస్తే ఏ నీళ్లతోనైనా ఆ మెరుపు చాలావరకు వస్తుంది. చేపల ఐసును సోడాలో వేసుకునేవారికి ఇంతకంటే ఏం చెప్పను.

తొట్టి మీది చెక్కలు ఎత్తగానే తెల్లటి పొగ లేస్తుంది. కొత్తవారు "గ్యాసు లీకవుతోందా?" అని బెదిరిపోతారు. అది గాలిలోని తేమ చల్లబడి సన్నని నీటి తుంపరగా మారడమే. అమోనియా అయితే కంటికంటే ముందు ముక్కుకు తెలుస్తుంది, అప్పుడు ప్రశ్న అడగడానికి అక్కడ ఎవరూ నిలబడరు.