తోడేలు మీద నెపం

అర్బన్ ఫాంటసీలో, అంటే ఈనాటి నగరాల్లో జరిగే మాయల కథల్లో, వేర్‌వుల్ఫ్ నవలలంటే నాకు ప్రాణం. పగలంతా మనలాగే ఆఫీసుకెళ్లి, ట్రాఫిక్‌లో విసుక్కునే మనుషులు రాత్రి తోడేళ్లవుతారు. వాళ్లకో గుంపు, గుంపుకో ఆల్ఫా, అంటే నాయకుడు. ఆ లోకంలోకి వెళ్తే బయటికి రాబుద్ధి కాదు. కానీ ఒక సన్నివేశం చాలా నవలల్లో మళ్లీ మళ్లీ వస్తుంది. ఆల్ఫా ఒక అమ్మాయి వాసన పసిగట్టి "నువ్వు నాదానివి" అంటాడు. ఆమె వద్దంటుంది. తలుపు వైపు నడిస్తే అడ్డం నిలబడతాడు. "నా చేతుల్లో లేదు, లోపలి తోడేలు నిన్ను ఎంచుకుంది" అంటాడు. ఇంకో నాలుగు అధ్యాయాలు గడిచేసరికి ఆమె వద్దన్న సంగతి కథే మర్చిపోతుంది.

నా బాధంతా ఆ "లోపలి తోడేలు"తోనే. చేసింది మనిషి, నింద తోడేలుది. అసలు తోడేళ్లు అలా బతుకుతాయా?

ఈ ఆల్ఫా కథ మొదలైంది అడవిలో కాదు, జూలో. స్విట్జర్లాండ్‌లోని బాసెల్ జూలో తోడేళ్లను గమనించిన రుడాల్ఫ్ షెంకెల్ 1947లో తన పరిశోధన ప్రచురించాడు. కంచె లోపల, ఇష్టం లేకపోతే వెళ్లిపోయే దారి లేనిచోట, మనుషులు కలిపి ఉంచిన తోడేళ్లవి. అలాంటిచోట హోదా కోసం కొట్లాటలు కనిపించడంలో ఆశ్చర్యం లేదు. అక్కడ కూడా ఆయనకు పైస్థానంలో కనిపించింది ఒక జంట, ఒక మగది, ఒక ఆడది. నవలల్లోకి వచ్చేసరికి ఆ జంటలో ఆడది ఎక్కడో జారిపోయింది. చాలా కథల్లో ఆడ తోడేలుకు సొంత హోదా ఉండదు, జతగాడి హోదాయే ఆమెది.

ఆల్ఫా అన్న మాట జనంలోకి వెళ్లడానికి డేవిడ్ మీచ్ అనే అమెరికా శాస్త్రవేత్త 1970లో రాసిన 'ది వుల్ఫ్' పుస్తకం ఒక పెద్ద కారణం. ఆ పొరపాటును దిద్దడానికి నడుం కట్టింది కూడా ఆయనే. కెనడా ఉత్తరాన ఎల్స్‌మియర్ దీవిలో, మనిషిని చూసి బెదరని తోడేళ్ల మధ్య 1986 నుంచి ఎన్నో వేసవులు గడిపాడు. అడవిలో గుంపు అంటే మామూలుగా ఒక కుటుంబమేనని 1999లో రాశాడు. అమ్మ, నాన్న, ఒకటి రెండేళ్ల ఈతల పిల్లలు, అంతే. నాయకత్వం కోసం యుద్ధాలు గెలవనక్కర్లేదు, పిల్లల్ని కంటే చాలు. జూలో కలిపి ఉంచిన తోడేళ్లను చూసి అడవి గుంపును అంచనా వేయడం, శరణార్థి శిబిరాన్ని చూసి మనుషుల కుటుంబాన్ని అర్థం చేసుకోబోవడం లాంటిదని అన్నాడు. తన పాత పుస్తకం ఇక అచ్చు వేయొద్దని ప్రచురణకర్తలను ఏళ్ల తరబడి అడిగాడు కూడా. నాకు ఆయన మీద గౌరవం పెరిగింది అక్కడే.

ఇక జతకట్టే సంగతి. ఆడ తోడేలు ఏడాదికి ఒక్కసారే, చలికాలం చివర్లో ఎదకు వస్తుంది. అంతకు ముందు కొన్ని వారాల పాటు దాని వాసన మారుతుంది. మగది వెంటే తిరుగుతుంది, మూతి ఆనించి వాసన చూస్తుంది. దగ్గరికి రాబోతే ఆడది చటుక్కున కూర్చుండిపోతుంది, తోక కాళ్ల మధ్య బిగిస్తుంది, మరీ మీదికొస్తే పళ్లు చూపించి గుర్రుమంటుంది. మగది వెనక్కి తగ్గుతుంది. మళ్లీ పక్కనే నడుస్తుంది, పక్కనే పడుకుంటుంది. చివరికి ఒక రోజు ఆడది కదలకుండా నిలబడి తోక పక్కకు తప్పిస్తుంది. అప్పుడే జతకట్టడం. నవలల్లో వాసన తగిలిన క్షణమే హక్కు పుట్టేస్తుంది. అడవిలో వాసన తగిలాక మొదలయ్యేది వారాల తరబడి ఎదురుచూపు.

జంతువుకు సమ్మతి అనే మాట నేను అంటగట్టను, అది మనుషుల మాట. తోడేళ్లు సాధువులని కూడా అనను. పొరుగు గుంపుల తోడేళ్లను చంపేస్తాయి. అమెరికాలోని ఎల్లోస్టోన్ నేషనల్ పార్కులో, పరిశోధకులు 40 అని నంబరు పెట్టిన ఆడ తోడేలు సొంత గుంపు ఆడవాటినే ఏళ్ల తరబడి వేధించింది. 2000లో ఆ ఆడ తోడేళ్లే తిరగబడి చంపాయని పరిశోధకుల అంచనా. ఆ తర్వాత దాని తోబుట్టువు, 42వ నంబరు ఆడ తోడేలు, తన పిల్లల్ని ఒక్కొక్కటిగా నోట కరుచుకుని చచ్చిపోయిన 40 బొరియకు చేర్చి, రెండు ఈతల పిల్లల్నీ కలిపి పెంచింది. ఆడ పాత్రకు ఇంతకంటే ఏం కావాలి రచయితలకు? క్రూరత్వం, తిరుగుబాటు, దయ అన్నీ అందులోనే ఉన్నాయి. మగ ఆల్ఫా ప్రస్తావనే అక్కర్లేదు.

అయినా నాకు అన్నిటికంటే పెద్ద తేడా కనిపించేది ఇంకోచోట. కథల్లో గుంపు వదిలి వెళ్లడం ద్రోహం. వెంటాడతారు, లాక్కొస్తారు, కాటు వేసి జీవితాంతం బంధిస్తారు. ఆమె "సరే" అన్నా, "వద్దు" అనే దారి మూసేశాక ఆ సరేకి విలువేముంటుంది? నిజం తోడేళ్లలో, ఒకటి నుంచి మూడేళ్ల వయసొచ్చేసరికి చాలా పిల్లలు, ఆడవైనా మగవైనా, పుట్టిన గుంపు వదిలి వెళ్లిపోతాయి.

2011 డిసెంబరులో స్లోవేనియాలో స్లావ్చ్ అనే కుర్ర మగ తోడేలు అలాగే బయల్దేరింది. మెడకు జీపీఎస్ కాలర్ ఉండటంతో దాని ప్రయాణం పరిశోధకులకు కనిపిస్తూనే ఉంది. ఆస్ట్రియా మీదుగా, మంచు కొండలు దాటి, వెయ్యి కిలోమీటర్లకు పైగా నడిచి ఇటలీలో వెరోనా దగ్గరి కొండలకు చేరింది. అక్కడ మరో దిక్కు నుంచి, తన గుంపును వదిలి వచ్చిన ఒక ఆడ తోడేలు తిరుగుతోంది. షేక్‌స్పియర్ 'రోమియో జూలియట్' కథ జరిగే ఊరు వెరోనాయే కాబట్టి జనం దానికి జూలియట్ అని పేరు పెట్టారు. రెండూ కలిశాయి. 2013లో పిల్లలు పుట్టాయి.