కుట్టింది ఏది? కారవాన్ పార్కు పురుగులపై అపోహలు - వాస్తవాలు

కారవాన్ పార్కుల్లో (కారుకు తగిలించి లాక్కెళ్లే చక్రాల ఇళ్లను నిలిపి సెలవులు గడిపే చోట్లలో), క్యాంపు స్థలాల్లో పురుగుల నివారణ నా వృత్తి. నాకు కబురు అందేసరికే పరిస్థితి చేయి దాటి ఉంటుంది. ఒకవైపు యజమాని తల పట్టుకుని కూర్చుంటారు. మరోవైపు అతిథి చొక్కా చేతులు పైకి మడిచి ఎర్రటి దద్దుర్లు చూపిస్తూ డబ్బు వాపసు ఇమ్మంటారు. ఇద్దరినీ నేను అడిగే మొదటి ప్రశ్న ఒక్కటే: కుట్టింది ఏది? "ఏవో పురుగులండీ" అన్న జవాబే ఎక్కువగా వస్తుంది. సెలవులు పాడయ్యేది ఆ "ఏవో" దగ్గరే. దోమ మీద పనిచేసే ఉపాయం నుసుము మీద పనిచేయకపోవచ్చు. నుసుమును ఆపేది నల్లిని ఏమీ చేయలేదు. (నుసుము అంటే ఇక్కడ నా ఉద్దేశం మిడ్జ్ అనే నెత్తురు తాగే చిన్న ఈగ. పొడవు 1 నుంచి 3 మిల్లీమీటర్లు. కళ్ల ముందు ముసిరే ప్రతి నుసుమూ కుట్టదు.)

అపోహ: పురుగులు కుట్టాయంటే ఆ పార్కు శుభ్రంగా లేనట్లే

వాస్తవం: చాలాసార్లు ఆ పార్కు అందమే అందుకు కారణం. నుసుములు మడ అడవుల బురదలో, ఉప్పు చిత్తడుల్లో, ఎప్పుడూ తడిగా ఉండే మెత్తటి నేలలో గుడ్లు పెడతాయి. చెత్తకుండీలతో వాటికి పని లేదు. నీటి అంచు, దట్టమైన నీడ, గాలి తగలని మూల చూసి మనం ముచ్చటపడి గది బుక్ చేసినట్టు కారవాన్ స్థలం బుక్ చేస్తాం. ఆ మూడూ వాటికీ కావలసినవే. ప్రచారం ఫొటోలు ఎండ బాగా ఉన్నప్పుడు తీస్తారు. నుసుములు ఎక్కువగా తెల్లవారుజామున, పొద్దుగూకే వేళ విజృంభిస్తాయి. నక్షత్రాల రేటింగు స్నానాల గదులను, ఈతకొలనును లెక్కలోకి తీసుకుంటుంది. పొద్దు వాలాక బయట కుర్చీ వేసుకుని కూర్చోగలమా లేదా అన్నది దానికి పట్టదు.

అందుకే బుక్ చేసే ముందు ఫోను చేసి, దగ్గర్లో ఉన్నది పారే నీరా, నిలిచిన నీరా, ఆటుపోట్లు వచ్చే బురదా అని అడగండి. గాలి బాగా తగిలే స్థలం ఏదో కూడా అడగండి. గాలి చాలా పెద్ద విషయం. స్కాట్లాండ్ ఎత్తు ప్రాంతాల్లో పేరుమోసిన నుసుములు సెకనుకు 3 మీటర్లు దాటిన గాలిలో దాదాపు ఎగరలేవు. నీటి అంచున ఉన్న స్థలం వదులుకుని కాస్త ఎత్తున, చెట్ల గోడకు దూరంగా కారవాన్ నిలిపితే చాలు, పార్కు మారినంత తేడా కనిపిస్తుంది. ఉత్తర ఆస్ట్రేలియా మడ అడవుల దగ్గర మరో లెక్క కూడా ఉంది. అక్కడి ఒక జాతి నుసుములు పౌర్ణమి, అమావాస్యల చుట్టూ ఉన్న రోజుల్లో ఎక్కువవుతాయి. ఒకే పార్కు గురించి ఒకరు స్వర్గమనీ, వారం తేడాలో వెళ్లినవారు నరకమనీ రాస్తే ఇద్దరూ నిజమే చెప్పి ఉండవచ్చు.

దోమల సంగతి వేరు. అక్కడ పార్కు తప్పు ఉండే అవకాశం ఎక్కువ. మూసుకుపోయిన కాలువలు, పాత టైర్లు, వాడకుండా వదిలేసిన పిల్లల నీటి తొట్టెలు ఉంటే నేను యజమాని పక్షాన మాట్లాడను. కానీ తనిఖీకి వెళితే నేను ముందు చూసేది అతిథుల బకెట్లనే. సింకు కింద వాడిన నీరు పట్టే బకెట్, కారవాన్‌కు ఆనించి వేసే పక్క గుడారం మడతల్లో నిలిచిన వాన నీరు చాలు. వెచ్చని వాతావరణంలో దోమ గుడ్డు నుంచి రెక్కలు వచ్చేదాకా వారం, పది రోజులే పడుతుంది. రెండు వారాలు ఉండేవారు తమ దోమలను తామే పెంచుకుంటున్నారు.

అపోహ: పార్కు వారు మందు పొగ కొట్టిస్తే అయిపోతుంది

వాస్తవం: పొగ ఆ గంటలో గాలిలో ఉన్నవాటిని చంపుతుంది. చిత్తడిలో పెరుగుతున్నవి మర్నాటికి సిద్ధమవుతాయి. పైగా ఆ చిత్తడి చాలాచోట్ల రక్షిత ప్రాంతం, దాని మీద మందు చల్లే అధికారం పార్కుకు ఉండదు. గోడలు, పొదల మీద చల్లే నిలకడ మందు కొంత నయం, అది కొన్ని వారాలు పనిచేస్తుంది. పొగ యంత్రం చప్పుడుతో తిరిగితే అతిథులకు తృప్తిగా ఉంటుందని ఒక యజమాని నాతో అన్నారు. ఆ తృప్తి వరకు నేను కాదనను.

అపోహ: శాండ్‌ఫ్లై (ఇసుక ఈగ) అంటే ఎక్కడైనా ఒకటే

వాస్తవం: ఆ ఒక్క పేరు మూడు వేర్వేరు కుటుంబాల మీద తిరుగుతోంది. ఆస్ట్రేలియాలో శాండ్‌ఫ్లై అంటే ఎక్కువగా నుసుమే. న్యూజిలాండ్‌లో ఆ పేరు పారే నీటిలో పుట్టి పగలు కుట్టే నల్ల ఈగది. శాస్త్రవేత్తలు ఆ పేరుతో పిలిచే అసలు ఇసుక ఈగ మరొకటి. కాలా అజార్ జ్వరాన్ని మోసేది అదే. కాబట్టి సాయంత్రం లోపలికి వెళ్లిపోండన్న సలహా న్యూజిలాండ్ ఏటి ఒడ్డున మిట్టమధ్యాహ్నం అక్కరకు రాదు.

అపోహ: నుసుములు కుట్టవు, చర్మం మీద మూత్రం పోస్తాయి, అదే మంట

వాస్తవం: ఈ మాట నాకు ఎంత నమ్మకంగా చెబుతారో! ఆడ నుసుము చర్మాన్ని కోసి, ఊరిన నెత్తురు పీలుస్తుంది. ఆ సమయంలో వదిలే లాలాజలం మన శరీరానికి పడదు. దద్దురు, దురద ఆ ప్రతిచర్యే. అందరి శరీరమూ ఒకేలా స్పందించదు. ఒకే కారవాన్‌లో పడుకున్న ఇద్దరిలో ఒకరికి ఒళ్లంతా దద్దుర్లు వచ్చి, రెండోవారికి ఏమీ కనిపించకపోవడానికి కారణం అదే. రెండోవారినీ అవి కుట్టే ఉంటాయి. దురదకు చల్లని గుడ్డ, 1 శాతం హైడ్రోకార్టిసోన్ క్రీము, అవసరమైతే అలర్జీని తగ్గించే యాంటీహిస్టమిన్ మాత్ర సాధారణంగా సరిపోతాయి. ఎరుపు రోజురోజుకూ పాకుతున్నా, చీము పట్టినా, జ్వరం వచ్చినా డాక్టరు దగ్గరకు వెళ్లండి. గోకిన చోట సూక్ష్మజీవులు చేరడం పురుగు కాటు కంటే పెద్ద సమస్య.

అపోహ: కిటికీలకు దోమతెర ఉంది, కన్నాలన్నీ గుడ్డలతో మూసేశాం, ఇక భయం లేదు

వాస్తవం: మొదటి సగం పొరపాటు, రెండో సగం ప్రమాదం. మామూలు దోమతెర కన్నం 1 మిల్లీమీటరుకు కాస్త ఎక్కువగా ఉంటుంది. సన్నటి నుసుము అందులోంచి దూరి వస్తుంది. దానికి ఇంకా సన్నటి అల్లిక కావాలి, అయితే ఆ అల్లిక గాలిని కూడా తగ్గిస్తుంది. నేనైతే ఒక చిన్న ఫ్యాను మంచం వైపు తిప్పి పెడతాను. దోమలు, నుసుములు ఎగరడంలో బలహీనం. మన ఊపిరి వాసనను పట్టుకుని వస్తాయి, ఫ్యాను ఆ వాసననూ చెదరగొడుతుంది.

గుడ్డల విషయం నవ్వులాట కాదు. కారవాన్ నేలలో, గోడ అడుగున, పైకప్పులో ఉండే ఆ కన్నాలు మరచిపోయి వదిలేసినవి కావు. వంట గ్యాసు గాలికంటే బరువైనది, లీకైతే నేల మీదికి దిగుతుంది. అది బయటకు పోవడానికే అడుగున కన్నాలు పెట్టారు. పొయ్యి, హీటరు వెలుగుతున్నప్పుడు లోపలికి గాలి రావడానికి మిగిలినవి. పురుగులు వస్తున్నాయని వాటిలో పాత సాక్సులు కుక్కిన కారవాన్‌ను నేను స్వయంగా చూశాను, పక్కన పొయ్యి మీద నీళ్లు కాగుతున్నాయి. అప్పుడు పురుగుల పని పక్కనపెట్టి ముందు ఆ సాక్సులు పీకేశాను. ఆ కన్నాలకు సొంతంగా సన్నటి తెర బిగించడం కూడా వద్దు. అది దుమ్ము పట్టి మూసుకుపోతుంది.

అపోహ: పొగ పెడితే పురుగులు పోతాయి, ఆరిన బొగ్గుల పొయ్యిని పక్క గుడారంలో పెట్టుకోవచ్చు

వాస్తవం: వద్దు. మంట ఆరినట్టు కనిపించే బొగ్గు కూడా కార్బన్ మోనాక్సైడ్ వదులుతూనే ఉంటుంది. దానికి రంగు, వాసన లేవు. గుడారాల్లో ఇలా నిద్రలోనే ప్రాణాలు పోయిన సంఘటనలు ఉన్నాయి. చలికో, దోమలకో జడిసి బొగ్గుల పొయ్యిని లోపలికి తేకండి, కార్బన్ మోనాక్సైడ్ అలారం ఒకటి కారవాన్‌లో పెట్టండి. దోమల చుట్ట (కాయిల్) ఆరుబయట వాడేది. మూసిన గదిలో ఒక్క చుట్ట కాలితే వెలువడే సూక్ష్మ ధూళి 75 నుంచి 137 సిగరెట్లకు సమానమని 2003లో వచ్చిన ఒక అధ్యయనం లెక్కగట్టింది.

అపోహ: పురుగులను కరెంటుతో చంపే నీలి దీపం, శబ్ద తరంగాల యంత్రం, బి1 విటమిన్ మాత్ర ఉంటే దోమలు కుట్టవు

వాస్తవం: మూడూ దండగ. 1996లో వెలువడిన ఒక అధ్యయనం కోసం అమెరికాలోని డెలావేర్‌లో నీలి దీపాల కింద రాలిన పురుగులను లెక్కపెట్టారు. మొత్తం 13,789లో కుట్టేవి 31 మాత్రమే. మిగిలినవి మన జోలికి రాని జీవులు. దోమలను తరిమే శబ్ద యంత్రాల మీద జరిగిన క్షేత్ర పరీక్షలను 2007లో కొక్రేన్ అనే వైద్య పరిశోధకుల సంస్థ సమీక్ష పరిశీలించి, ఫలితం లేదని తేల్చింది. మాత్ర గురించి రాయడానికి ఏమీ లేదు.

అపోహ: ఒంటికి పూసుకునే దోమల మందులో డీట్ అనే రసాయనం శాతం ఎంత ఎక్కువైతే అంత బలం

వాస్తవం: శాతం పెరిగితే పెరిగేది పనిచేసే సమయం. 50 శాతం దాటాక ఆ లాభమూ పెద్దగా ఉండదు. చెవి వెనుక, చీలమండల దగ్గర వదిలేసి మిగతాచోట్ల దట్టంగా పూసుకునేవారిని పురుగులు సరిగ్గా ఆ వదిలేసిన చోటే పట్టుకుంటాయి. సన్‌స్క్రీన్ ముందు, ఇది తర్వాత. డీట్ కొన్ని ప్లాస్టిక్కులను కరిగిస్తుంది. కళ్లద్దాలు, గడియారం, కారవాన్ ప్లాస్టిక్ కిటికీ ముట్టుకునే ముందు చేతులు కడుక్కోండి. ఆ బెడద వద్దనుకుంటే 20 శాతం పికారిడిన్ అనే మరో పూతమందు మంచిది, నేను వాడేది అదే. రెండు నెలల లోపు పసిపిల్లలకు డీట్ పూయకూడదు, వారికి తెరే రక్షణ. నిమ్మ యూకలిప్టస్ నూనె మందు మూడేళ్లలోపు వారికి వద్దు. పర్మెత్రిన్ అనే పురుగుమందు బట్టలకే, చర్మానికి కాదు. తడిగా ఉన్న పర్మెత్రిన్ దగ్గరకు పిల్లిని రానివ్వకండి, దానికది విషం.

అపోహ: వరసగా మూడు దద్దుర్లు ఉంటే నల్లులే

వాస్తవం: దద్దురు చూసి పురుగు పేరు చెప్పడం నాకు చేతకాదు, చెప్పేవారిని నమ్మను కూడా. నల్లి కాటు కొందరికి పద్నాలుగు రోజుల దాకా బయటపడదు, అంటే అది ఈ పార్కులోదో గత మజిలీలోదో తెలియదు. అద్దె కారవాన్‌లోకి సామాను దించకముందే టార్చి వేసి పరుపు కుట్ల వెంట, సీటు కింది పెట్టెల మూలల్లో, ప్లైవుడ్ అతుకుల్లో వెతకండి. సిరా చుక్కల్లాంటి నల్ల మరకలు, విడిచిన పొలుసులు, యాపిల్ గింజంత గోధుమరంగు పురుగు కనిపిస్తే అదే సాక్ష్యం. పురుగుమందు పొగ డబ్బా పేల్చకండి, దాగిన నల్లులను అది చేరదు. బట్టలను 60 డిగ్రీల నీటిలో ఉతకడం, వేడి డ్రయ్యర్‌లో అరగంట తిప్పడం మేలు. నల్లులకు మురికి, శుభ్రం తేడా లేదు, మనుషులు నిద్రపోయే చోటు చాలు.

అపోహ: ఫిర్యాదు వెళ్లేటప్పుడు చేస్తే చాలు

వాస్తవం: నా అనుభవంలో వాపసు దక్కేది మొదటి రాత్రే చెప్పినవారికి. అప్పుడైతే స్థలం మార్చే అవకాశం పార్కుకు ఉంటుంది, మార్చకపోతే ఆ సంగతి మీ దగ్గర రాతపూర్వకంగా ఉంటుంది. తేదీ పడే ఫొటోలు తీయండి. పారదర్శకమైన టేపుతో ఒక పురుగును కాగితానికి అంటించి రిసెప్షన్ బల్ల మీద పెట్టండి. నన్ను పిలిపిస్తే నేను అడిగేది కూడా ఆ కాగితాన్నే.